సర్దుకుపోయినవీ, మిగిలినవీ

గత ఏప్రిల్‌లో మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో, చెరువు వైపు ప్రహరీ గోడ పొడవునా పద్నాలుగు ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు పెట్టించాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ పక్క రాత్రిపూట చీకటిగా ఉంటుందనీ, ఆడవాళ్లు నడకకు వెళ్లడానికి జంకుతున్నారనీ చెప్పిన కారణాలు న్యాయమైనవే కనుక లైట్లు వద్దని నేను అనలేదు. వెలుగు నేలమీద పడేటట్టు వంచండి, అక్కడి పురుగులూ పిట్టలూ ఇబ్బంది పడతాయి, చెరువు మీదికి వదలకండి, పది దాటాక సగమైనా ఆర్పండి అని మాత్రం అడిగాను. నెల్లూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా బెంగళూరులో స్థిరపడిన పెద్దాయన ఒకరు, నామీద ఎంతో అభిమానం ఉన్న మనిషి, "అవే సర్దుకుపోతాయిలే అమ్మా. ఈ ఊళ్లో మనం సర్దుకోలేదా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. తీర్మానం అయిపోయింది. ఆ రోజు నాకు నోటికి రాని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

సర్దుకుపోవడం ఈ ఊరికి బాగా తెలిసిన గుణం. సిటీ బస్సులో ఇద్దరు కూర్చునే సీటులో మూడో మనిషికి చోటు అడిగేటప్పుడు వినిపించే "స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్న కన్నడ మాటను, ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్లం మొదటి నెలలోనే నేర్చుకుంటాం. ఆ మాటలో మంచితనం ఉంది. ఉన్న మనిషే కాస్త ఒదిగి, కాస్త ఓర్చుకుని, పక్కవాడికి చోటిచ్చి, తానూ అక్కడే కొనసాగడం దాని అర్థం. జంతువుల్లోనూ ఇలాంటి ఒదుగుబాటు ఉంది. చెత్తబండి వచ్చే వేళను కాకి కనిపెట్టుకుని ఉండటం అటువంటిదే. అయితే నగరం జీవజాతులను మార్చే దారి మరొకటి ఉంది. దానిని బడి పుస్తకాల్లో ప్రకృతి వరణం అని చదువుకున్నాం. ఆ దారిలో ఏ ఒక్క ప్రాణీ తనను తాను మార్చుకోదు. ఒకే జాతిలో పుట్టుకతో తేడాలున్న ప్రాణుల్లో కొన్ని పిల్లల్ని కనకముందే చచ్చిపోతాయి, కొన్ని బతికి కంటాయి, బతికినవాటి పోలికలు తర్వాతి తరంలో ఎక్కువగా కనిపిస్తాయి. కొన్ని తరాలు గడిచాక చూసేవాళ్లకు ఆ జాతి సర్దుకున్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే సర్దుకోలేనివి మనకు చూపించడానికి మిగిలి ఉండవు.

ఇంగ్లండులోని మిరియపు మచ్చల చిమ్మట కథ మనలో చాలామంది పదో తరగతిలో చదివిందే. మాంచెస్టర్‌లో నల్లరెక్కల చిమ్మట మొదట 1848లో నమోదైంది. 1895 నాటికి ఆ ప్రాంతంలో దొరికేవాటిలో 98 శాతం నల్లవే. ఫ్యాక్టరీల పొగకు బెరడు మీద పెరిగే లేతరంగు లైకెన్లు చచ్చి చెట్ల కాండాలు మసిబారిపోయాక, వాటిమీద వాలిన తెల్లని చిమ్మటలు పిట్టల కంట పడ్డాయి. ఈ కథను చాలామంది "పొగకు చిమ్మటలు నల్లబడ్డాయి" అని గుర్తుపెట్టుకుంటారు. అసలు పొరపాటు అక్కడే ఉంది. మసి అంటి నల్లబడ్డ చిమ్మట ఒక్కటి కూడా లేదు. 2016లో తేలినదాని ప్రకారం, ఆ నలుపు ఒక జన్యువులోకి వచ్చి దూరిన డీఎన్‌ఏ ముక్క వల్ల కలిగింది. అది జరిగింది సుమారు 1819లో అని పరిశోధకుల అంచనా. అంటే ఎక్కడో ఒక చిమ్మటలో ఊరికే వచ్చిన మార్పు అది. పొగ చేసిన పని ఏమిటంటే, మిగతావాటిని పిట్టలకు పట్టివ్వడం.

ఆ పట్టివ్వడం ఎంత తీవ్రంగా జరిగి ఉండాలో 1924లో లెక్కగట్టి చెప్పినవాడు బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. తరానికి తరం నల్లవి తెల్లవాటికన్నా సుమారు ఒకటిన్నర రెట్ల సంతానాన్ని మిగిల్చి ఉంటే తప్ప ఆ వేగం సాధ్యం కాదని ఆయన లెక్క తేల్చింది. అంత పెద్ద తేడా ప్రకృతిలో ఉండగలదని అప్పటికి చాలామంది అనుకోలేదు. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం పార్థివదేహాన్ని వైద్యవిద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. మా పెద్దనాన్న కొడుకు ఆ కాలేజీలోనే చదువుకున్నాడు; ఈ సంగతి అతని నోట విన్నప్పటి నుంచీ మాంచెస్టర్ చిమ్మట నాకు దూరపు దేశపు పాఠంగా తోచలేదు. హాల్డేన్ లెక్కలోని ఆ ఒకటిన్నర రెట్ల వెనుక ఉన్నవి మరణాలే. 1956లో బ్రిటన్ వాయు శుద్ధి చట్టం తెచ్చాక ఆకాశం తేటపడి, చెట్ల మొదళ్లు మళ్లీ తెల్లబడి, ఈసారి నల్లవాటి వంతు వచ్చింది. మైకేల్ మెజరస్ అనే శాస్త్రవేత్త 2001 నుంచి 2007 వరకు కేంబ్రిడ్జిలో తన తోటలో 4,864 చిమ్మటలను వదిలి గమనించి, పిట్టలు ఏ రంగువాటిని ఎక్కువగా తింటున్నాయో లెక్క రాశాడు. నల్లవే ఎక్కువగా పోయాయి.

ఇక మా ఊరి సంగతి. మా ప్రహరీ అవతల ఇంకా ఎవరూ ఇల్లు కట్టని ఖాళీ జాగాలో ఒక రాతిగుట్ట ఉంది. లాల్‌బాగ్ బండను చూసినవాళ్లకు ఆ రాయి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి ఆ శిలే బెంగళూరు కింద అంతటా పరచుకుని ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దున తొమ్మిదింటికి బండ వేడెక్కేసరికి ఒక మగ రాతితొండ పైకెక్కి కూర్చుంటుంది. ముందుకాళ్ల మీద లేచి, దించి, లేచి, దించి తన ఉనికి చాటుతుంది. ఆడది దగ్గరికి వస్తే నేను చూస్తుండగానే దాని వీపు నారింజ ఎరుపుకు తిరుగుతుంది, పక్కలు నల్లబడతాయి. మనిషి నీడ పడితే క్షణాల్లో ఆ రంగంతా వెలిసిపోయి, తొండ రాయిలో రాయి అయిపోతుంది. మా సొంతూరి పిల్లలు తొండను చూస్తే రాయి విసిరేవాళ్లు. ఇక్కడి పిల్లలకు ఆ గుట్టమీద తొండ ఉందన్న సంగతే తెలియదు.

ఈ తొండల మీద ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో అనురాధ బటబ్యాల్, మరియా ఠాకర్ ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 2019లో వెలువడిన వాళ్ల పరిశోధనలో ఒకటి నాకు మరీ ఇష్టం. నగర శివార్లలోవీ, పల్లెల్లోవీ తొండలను తెచ్చి, ప్రమాదం వచ్చినప్పుడు ఏ చాటు క్షేమమో ఏ చాటు కాదో నేర్చుకోవడానికి వాటికి అవకాశం ఇచ్చారు. శివారు తొండలు త్వరగా నేర్చుకున్నాయి, తప్పులు తక్కువ చేశాయి. చదవగానే మా పెద్దాయన మాటే నిజమేమో అనిపించవచ్చు. నాకూ మొదట అనిపించింది. కానీ ఆ తెలివి ఎక్కడిది అన్న ప్రశ్నకు రెండు జవాబులు సాధ్యం. ప్రమాదాల మధ్య పెరగడం వల్ల ప్రతి తొండా బతుకుతూ నేర్చుకున్న నేర్పు కావచ్చు. లేదా మందబుద్ధి తొండలు పిల్లులకూ కుక్కలకూ ముందే చిక్కిపోగా మిగిలినవే మనకు కనిపిస్తూ ఉండవచ్చు. మొదటిది ఆ ప్రాణితోనే పోయే నేర్పు, రెండోది జాతిలో పాతుకునే మార్పు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

వాటిని విడదీయడానికి దారి ఒకటుంది: నగరపు ప్రాణుల సంతానాన్నీ అడవి ప్రాణుల సంతానాన్నీ ఒకే చోట, ఒకే తిండితో పెంచి, తేడా అప్పటికీ నిలుస్తుందో లేదో చూడటం. ప్యూర్టోరికోలో అనోల్ బల్లుల మీద క్రిస్టిన్ వించెల్ చేసింది అదే. నున్నటి గోడలూ కిటికీ అద్దాలూ ఎక్కవలసిన నగరపు బల్లులకు కాళ్లు పొడవుగా, వేళ్ల కింది పట్టు పొరలు ఎక్కువగా ఉన్నాయని ఆమె 2016లో చూపారు. ఒకేలా పెంచిన పిల్లల్లోనూ ఆ తేడా నిలిచింది.

దీపాల సంగతి కూడా ఇలాగే తేలింది, మా సంఘం తీర్మానానికి నేరుగా సంబంధించింది ఇదే. స్విట్జర్లాండులోని బాసెల్ పరిసరాల్లో ఒక జాతి తెల్లని చిమ్మటల గొంగళిపురుగులను, దీపాలు నిండిన చోట్ల నుంచీ చీకటి చోట్ల నుంచీ ఏరి తెచ్చి, ఒకే రకంగా పెంచి, పెద్దయ్యాక దీపం ముందు వదిలారు. వెయ్యికి పైగా చిమ్మటలను అలా పరీక్షించగా, నగరపు వంశానివి దీపం వైపు రావడం 30 శాతం తగ్గింది. 2016లో ఈ ఫలితం వెలువడినప్పుడు కొందరికి ఇది శుభవార్తగా తోచింది. దీపపు ఆకర్షణకు లోనైనవి తరాల తరబడి దీపాల చుట్టూ తిరిగి రాలిపోతేనే అటువంటి వంశం మిగులుతుంది. పైగా దీపానికి దూరంగా ఉండటం అంటే మొత్తంగానే తక్కువ ఎగరడం కావచ్చని ఆ పరిశోధకులే హెచ్చరించారు. తక్కువ ఎగిరే చిమ్మట తక్కువ పూలను చేరుతుంది, గబ్బిలాలకూ సాలీళ్లకూ తక్కువ దొరుకుతుంది. ఒక జాతి ప్రాణం దక్కించుకున్నందుకు చుట్టూ ఉన్న ఎన్నో జాతులు మూల్యం చెల్లిస్తాయి.

మా వరండాలో ట్యూబులైటు కింద పొద్దున్నే మెట్లు ఊడ్చే ఆవిడ కదిరి పక్క ఊరి మనిషి. ఈ మే నెలలో తొలకరి జల్లులు పడ్డాక ఒకరోజు చీపురు ఆపి, "పోయినేడు ఈ పొద్దుకి చేటడు ఎత్తిపోస్తా ఉంటిని అక్కా, ఈయేడు పిడికెడు గూడా ల్యావు" అంది. వాన పడ్డ మర్నాడు వచ్చే ఉసుళ్ల గురించి కాదు ఆమె చెప్పింది. బూడిదరంగువీ, ఆకుపచ్చవీ, రెక్కల మీద కళ్ల వంటి చుక్కలున్నవీ, ఆ దీపం పురుగుల గురించి. నేను వంగి ఆ పిడికెడును చూశాను. అరచేతి సగమంత గోధుమరంగు చిమ్మట ఒకటి ఇంకా బతికే ఉంది. రెక్కల అంచులు ట్యూబుకు కొట్టుకుని చీలికలయ్యాయి, పొడి రాలి మొజాయిక్ మీద బూడిద గీతలా పడింది. చేటడు పిడికెడు ఎందుకయిందో ఆ పిడికెడును చూసి చెప్పలేం. దీపాన్ని లెక్కచేయని వంశాలు మిగిలాయా, వాన సరిగా పడలేదా, చెరువు గట్టు మీది పొదలు కొట్టేయడంతో పురుగులే లేకుండా పోయాయా? మూడింటికీ వరండాలో కనిపించే దృశ్యం ఒకటే. "సర్దుకున్నాయి" అన్న మాట ఈ మూడింటి మీదా ఒకే దుప్పటి కప్పుతుంది. నా అభ్యంతరం అంతా ఆ దుప్పటి గురించే.

దుప్పటి తీసి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు పశ్చిమ భాగంలో క్లిఫ్ స్వాలో అనే చిన్న పిట్టలు కొండ అంచులు వదిలి రోడ్డు వంతెనల కింద మట్టి గూళ్లు కట్టుకోవడం మొదలుపెట్టాయి. చార్లెస్ బ్రౌన్, మేరీ బ్రౌన్ దంపతులు 1982 నుంచి 30 ఏళ్ల పాటు ఆ రోడ్ల మీద తిరుగుతూ, వాహనాలు గుద్ది చచ్చిన ప్రతి పిట్టనూ ఎత్తి రెక్క కొలిచారు. గూళ్లు పెరిగినా గుద్దుడుకు చచ్చేవి ఏటికేడు తగ్గాయి. రోడ్డు మీద చచ్చినవాటి రెక్కలు మిగతావాటికన్నా పొడవుగా ఉన్నాయి. బతికిన గుంపులో రెక్కలు ఏళ్లు గడిచేకొద్దీ పొట్టివయ్యాయి. పొట్టి రెక్క పిట్ట నిట్టనిలువుగా లేచి, బండి ముందు నుంచి చటుక్కున తప్పుకోగలదు. 2013లో అచ్చయిన ఆ లెక్కను ఆ దంపతులు తెచ్చింది బతికిన పిట్టలను మెచ్చుకుంటూ కూర్చుని కాదు, చచ్చినవాటిని ఒక్కొక్కటిగా ఎత్తుకుని.

అయితే ఇలా మిగలగలిగే అర్హత అన్ని జాతులకూ ఉండదు. అమెరికా తూర్పు తీరంలో విషరసాయనాలు నిండిన రేవుల్లో కిల్లీఫిష్ అనే చిన్న చేప, మామూలు చేపలు తట్టుకోగల మోతాదుకు 8,000 రెట్ల వరకు తట్టుకుంటూ బతుకుతోందని 2016లో తేలింది. దానికి అది సాధ్యమైంది, అవి లెక్కకు మించిన సంఖ్యలో ఉండటం వల్ల, వాటిలో పుట్టుకతో వచ్చే తేడాలు చాలా ఎక్కువ కావడం వల్ల. విషం వచ్చే నాటికే దాన్ని తట్టుకునే చేపలు ఆ గుంపులో ఎక్కడో ఉన్నాయి. అదే 2016 మార్చిలో మా హలసూరు చెరువులో వేలాది చేపలు తెల్లని పొట్టలు పైకి తేల్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బెళ్ళందూరు చెరువే అంటుకుని మండింది. నీళ్లలో గాలి ఒక్కరాత్రిలో అయిపోతే ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. వరణం జరగాలంటే కొన్నయినా మిగలాలి.

పెద్ద సంఖ్య, తొందరగా పిల్లల్ని కనడం, పుట్టుకతో వచ్చే తేడాలు: ఈ మూడూ ఉన్నవి ఏవో మన వంటింట్లోనే ఉన్నాయి. బొద్దింకల మందులో తీపి కోసం గ్లూకోజ్ కలిపేవారు. కొన్నేళ్లకు అమెరికాలో ఆ మందును ముట్టని బొద్దింకలు పుట్టుకొచ్చాయి. వాటి నోటికి గ్లూకోజే చేదుగా తగులుతోందని 2013లో కనుక్కున్నారు. తీపిని తీపిగా ఎరిగినవన్నీ ఆ మందు తిని పోయాయి. ఇళ్లలో తప్ప ఎక్కడా బతకని ఆ చిన్న బొద్దింక జాతి సుమారు 2,100 ఏళ్ల కిందట మన దేశంలోనో మయన్మార్‌లోనో మనుషుల చుట్టూ రూపుదిద్దుకున్నదని 2024లో జన్యు పరిశోధన తేల్చింది. దోమల సంగతీ అంతే. సంపుల్లో, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, కట్టడాల దగ్గర నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టే అనాఫిలెస్ స్టీఫెన్సై మన నగరాల మలేరియా దోమ. 2012లో అది జిబూటీలో కనిపించి, ఆఫ్రికా నగరాల్లో పాకుతోంది. మలేరియాను దోమలే మోస్తాయని తర్వాత రుజువు చేసిన రోనాల్డ్ రాస్, 1883లో ఈ బెంగళూరు దండులోనే వైద్యుడిగా ఉండగా, తన బంగళా కిటికీ బయటి తొట్టిలో దోమపిల్లలను చూసి నీళ్లు పారబోయించాడు. మెస్సులోనూ అలాగే చేద్దామంటే, దోమల్ని ఏదో ప్రయోజనం కోసమే సృష్టించారు కనుక భరించాలని అక్కడి అధికారి అడ్డుపడ్డాడు. తొట్టి నీళ్లు పారబోస్తే దోమకు ఏ వంశమూ మిగలదు. మందు చల్లుతూ పోతే మందుకు లొంగని వంశం మిగులుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. లండన్ భూగర్భ రైలు సొరంగాల్లో వందేళ్లలోనే కొత్త దోమ పుట్టిందని ఎన్నో పాఠాల్లో చెబుతూ వచ్చారు, నేనూ నలుగురికి చెప్పాను. ఆ దోమ వెయ్యేళ్లకు పైనే మధ్యప్రాచ్యంలో రూపుదిద్దుకుని, తర్వాత లండన్ చేరిందని 2025లో తేలింది. నగరం మహా వేగంగా జీవులను మార్చేస్తుందన్న కథ మనకు ఎంత నచ్చుతుందంటే, రుజువు చాలకపోయినా నమ్మేస్తాం.

ఆ వేగం అసలే లేని ప్రాణి ఒకటి ఈ ఊళ్లో ఉంది. దేవాంగ పిల్లి, కన్నడిగుల కాడుపాప. భారతీయ విజ్ఞాన సంస్థ ప్రాంగణంలోని చెట్లలో ఇప్పటికీ ఉంది. రాత్రిపూట కొమ్మ పట్టుకుని కొమ్మకు పాకుతుందే తప్ప దూకలేదు. నేలకు దిగడం దానికి గండం. ఒక్కో కాన్పులో ఒకటో రెండో పిల్లలు. రోడ్డు వెడల్పు చేసి ఇరుపక్కలా ఉన్న చెట్ల తలలు విడదీస్తే ఇటువైపువి ఇటే, అటువైపువి అటే. న్యూయార్క్ పార్కుల్లోని తెల్లపాదాల ఎలుకలను పరిశీలించినవాళ్లు పార్కు పార్కుకూ వాటి జన్యువులు వేరైపోయాయని చూశారు. అవి ఎలుకలు, నెలల్లో పిల్లల్ని పెడతాయి, కనుక బతికిపోయాయి. పదిహేనో ఇరవయ్యో దేవాంగ పిల్లులు ఒక చెట్ల గుంపులో చిక్కుకుంటే, వాటి గుణాలు మంచివా చెడ్డవా అని తేల్చేంత సంఖ్యే అక్కడ ఉండదు. ఏది మిగలాలో అదృష్టమే తేలుస్తుంది, ఒక పిడుగు చాలు. దూకగలిగే దేవాంగ పిల్లి పుట్టేదాకా ఆ రోడ్డు ఆగదు.

పెద్దాయన మాటకు నా దగ్గరున్న అన్నిటికన్నా బలమైన జవాబు పిచ్చుక. మనతో కలిసి బతకడానికి ఏ ప్రాణి అయినా నిజంగా మారిందంటే అది పిచ్చుకే. మనుషుల చుట్టూ తిరిగే పిచ్చుకనూ, మనిషికి దూరంగా బతికే దాని దగ్గరి బంధువునూ పోల్చిన పరిశోధకులు, మన పిచ్చుకలో గింజల పిండిపదార్థాన్ని అరిగించుకునే జన్యువులోనూ పుర్రె ఆకారానికి సంబంధించిన జన్యువులోనూ వరణపు గుర్తులు చూశారు. ఆ రెండు పిట్టల వంశాలూ విడిపోయింది సుమారు 11,000 ఏళ్ల కిందట, మనిషి సేద్యం మొదలుపెట్టిన కాలంలో. మా తాతగారి పంచలో దూలానికి వరికంకుల కుచ్చు వేలాడుతూ ఉండేది. పిచ్చుకలు తలకిందులుగా వేలాడి గింజ తీసి, పొట్టు మా నెత్తిన రాల్చేవి. ఆ పిట్ట ముక్కూ పొట్టా మన వరికీ గోధుమకీ తగినట్టు వేల ఏళ్లుగా తీర్చబడ్డాయని అప్పుడు నాకు తెలియదు. ఇంత చేసిన పిచ్చుకకు ఇవాళ మా పన్నెండంతస్తుల భవనంలో గూడు పెట్టుకునే సందు ఒక్కటి లేదు. నాటు పెంకుల కింద, దూలాల మధ్య బతకడానికి అది మిగిలింది. మనం పెంకు తీసేసి గాజు పెట్టాం. ఒక నగరానికి తగినట్టు మిగిలిన ప్రాణి, ఆ నగరం ఇరవై ఏళ్లలో మరొకటి అయిపోతే మళ్లీ మొదటికి రావాలి. బెంగళూరు ఎంత త్వరగా మారుతున్నదో ఇక్కడ ఉన్నవాళ్లకు నేను చెప్పాలా?

జులై సమావేశానికి ఈ మాటలనే రెండు పేజీల ఉత్తరంగా రాసుకుని వెళ్లాను. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివారు. "పిచ్చుకల సంగతి నాకు తెలుసమ్మా, మా ఇంట్లోనూ కుచ్చు కట్టేవాళ్లం" అన్నారు, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే తీర్మానం సవరించమన్నారు. పద్నాలుగు లైట్లలో చెరువు వైపు చూసే తొమ్మిదింటికి రేకు గొడుగులు బిగించి కిందికి వంచారు, తెలుపు తీసి పసుపు బల్బులు వేశారు, పదిన్నర దాటితే ఒకటి విడిచి ఒకటి ఆర్పేస్తున్నారు. నడక దారిలో వెలుగు తగ్గిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఉత్తరంలో ఇంకొకటి కూడా అడిగాను. ప్రహరీ అవతలి జాగాను లేఅవుట్ చేయబోతున్నారు. పార్కుకు వదలవలసిన వంతును ఆ రాతిగుట్ట ఉన్న మూలనే వదలమని స్థలం యజమానులకు మా సంఘం తరఫున రాయమన్నాను. రాశారు. జవాబు ఇంకా రాలేదు. సర్వే వాళ్లు మాత్రం గుట్ట చుట్టూ సున్నంతో గీత గీసి వెళ్లారు. అది గుట్టను వదిలిపెట్టడానికి గీసినదో, తవ్వడానికి గీసినదో అడగడానికి ఈ శనివారం మేము నలుగురం వెళుతున్నాం, పెద్దాయన కూడా వస్తానన్నారు.